వీసా మీద ఉండి గరాజ్‌లో రైఫిల్ తయారు చేసుకోవచ్చా?

ప్రశ్న: నేను డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాను. హెచ్-1బి మీద ఉద్యోగం, ఐ-140 (కంపెనీ వేసిన గ్రీన్ కార్డు పిటిషన్) అప్రూవ్ అయింది. మా ఆఫీసులో ఒక అమెరికన్ కొలీగ్ వీకెండ్స్‌లో తన గరాజ్‌లో రైఫిళ్లు తయారు చేసుకుంటాడు. నేను మెకానికల్ ఇంజినీర్‌ని. నా ఆసక్తి చూసి ‘80 పర్సెంట్ లోయర్’ అనే అల్యూమినియం ముక్క ఒకటి ఇచ్చాడు. అది తుపాకీ కాదు, పేపర్లు ఏమీ అక్కర్లేదు, మిగతా పని ఇంట్లోనే పూర్తి చేసుకోవచ్చు, కావాలంటే తన మెషిన్ వాడుకోమన్నాడు. మరీ అనుమానంగా ఉంటే హంటింగ్ లైసెన్స్ తీసుకో, సరిపోతుంది అంటున్నాడు. ఈ మధ్య మా కమ్యూనిటీలో మనవాళ్ల ఇళ్లు రెండింటిలో బంగారం పోయింది. మా ఆవిడ (హెచ్-4) దొంగలంటే భయపడుతోంది, తుపాకీ అంటే ఇంకా ఎక్కువ భయపడుతోంది. ఇద్దరు చిన్నపిల్లలు. ఇది నిజంగా లీగలేనా? రేపు ఇండియాకి వచ్చేస్తే ఆ రైఫిల్ తెచ్చుకోవచ్చా?
ఒక పాఠకుడు, ఫ్రిస్కో

సమాధానం:

మీరు డ్రిల్లు పట్టుకోకముందే అడిగారు, అదే మంచిదయింది. ముందు సూటిగా చెప్పేస్తాను. ఇప్పుడు మీరున్న పరిస్థితిలో ఆ పని చేయకండి. ఆ ముక్కను ముట్టుకోకుండా పక్కన పెట్టి, ఈ ఉత్తరం పూర్తిగా చదవండి.

మీ కొలీగ్ మీకు అబద్ధం చెప్పలేదు. తన విషయంలో ఏది నిజమో అదే మీకు చెప్పాడు. ఆయన అమెరికా పౌరుడు, టెక్సస్‌లో ఉంటున్నాడు. నేరచరిత్ర లేని పౌరుడు తన సొంత వాడకానికి ఇంట్లో రైఫిల్ తయారు చేసుకోవడానికి ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. దాని మీద సీరియల్ నంబరు వేయాలన్న ఫెడరల్ నిబంధన కూడా లేదు. టెక్సస్ రాష్ట్రానికి కూడా దీని మీద ప్రత్యేకమైన చట్టం లేదు. కాబట్టి ఆయన ధీమాగా ఉన్నాడు. కానీ తుపాకీ చట్టం వస్తువును చూసే ముందు అది ఎవరి చేతిలో ఉందో చూస్తుంది. మీ ఇద్దరికీ తేడా అక్కడ వస్తుంది.

1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్‌లో తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడనివాళ్ల జాబితా ఒకటి ఉంది. శిక్ష పడినవాళ్లు, మత్తుమందులు వాడేవాళ్లు, గృహహింస కేసుల్లో దోషులైనవాళ్లు, ఇలా. అదే జాబితాలో నాన్‌ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద దేశంలోకి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1, బి-2 అన్నీ అందులోకే వస్తాయి. ఐ-140 అప్రూవ్ అయినంత మాత్రాన ఈ జాబితా నుంచి బయటపడరు. అది గ్రీన్ కార్డు క్యూలో మీకు చోటు ఇస్తుంది, మీ స్టేటస్‌ను మార్చదు. గ్రీన్ కార్డు చేతికి వచ్చాక ఈ నిషేధం వర్తించదు, పౌరులకు ఉన్న మిగతా షరతులే మీకూ ఉంటాయి.

‘దగ్గర ఉంచుకోవడం’ అంటే కొనడం ఒక్కటే కాదు. షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకుని అరగంట కాల్చడం కూడా అందులోకి వస్తుంది. మనవాళ్లు ఆఫీసు టీమ్ ఔటింగ్ అని వెళ్లి ఫొటోలు దిగి ఫేస్‌బుక్‌లో పెట్టేస్తుంటారు. దాని గురించి ఎవరూ పట్టించుకోనంత కాలం ఏమీ కాదు. పట్టించుకున్న రోజు ఆ ఫొటోలే సాక్ష్యం అవుతాయి. రేపు మీ తమ్ముడికి గ్రీన్ కార్డు వచ్చి ఆయన పేరున తుపాకీ కొన్నా, అది మీ బెడ్‌రూమ్ అల్మరాలో మీ చేతికి అందేలా ఉంటే మీ దగ్గర ఉన్నట్టేనని వాదించే అవకాశం ప్రాసిక్యూటర్‌కు ఉంటుంది. తూటాల డబ్బా ఒక్కటే ఉన్నా అంతే.

శిక్ష ఎంతో కూడా తెలుసుకోండి. 2022 జూన్‌లో వచ్చిన చట్టంతో ఈ నేరానికి గరిష్ఠ శిక్షను 10 ఏళ్ల నుంచి 15 ఏళ్లకు పెంచారు. అసలు పెద్ద దెబ్బ జైలు తర్వాత ఉంటుంది. నిషేధం ఉన్న విదేశీయుడు తుపాకీ ఉంచుకోవడాన్ని ఇమిగ్రేషన్ చట్టం ‘అగ్రవేటెడ్ ఫెలనీ’ (తీవ్రమైన నేరం) కింద లెక్కిస్తుంది. దానికి శిక్ష పడితే దేశం నుంచి పంపించేస్తారు, ఆపుకోవడానికి మామూలుగా దొరికే దారులన్నీ మూసుకుపోతాయి. ఇన్నేళ్లు మీరు ఎదురుచూసిన ప్రయారిటీ డేట్, పిల్లల చదువు, ఇంటి లోన్ అన్నీ ఆ ఒక్క కేసు మీద ఆధారపడతాయి.

మీ కొలీగ్ చెప్పిన హంటింగ్ లైసెన్స్ మాటకు వద్దాం. అది ఆయన ఊరికే అన్న మాట కాదు. నాన్‌ఇమిగ్రెంట్లకు ఉన్న నిషేధానికి చట్టంలోనే కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ దగ్గర ఉండటం అందులో ఒకటి. చాలామంది మనవాళ్లు ఈ దారిలోనే షాపుకు వెళ్లి, తుపాకీ కొనేవాళ్లు నింపాల్సిన ఫారం 4473 నింపి, ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక రైఫిల్ కొనుక్కున్నారు. అది చట్టబద్ధమే. అయితే ఈ మినహాయింపు ఎంత సన్నని దారో చూడండి.

టెక్సస్‌లో ఏడాది హంటింగ్ లైసెన్స్ మీరు ఏ నెలలో తీసుకున్నా ఆగస్టు 31తో అయిపోతుంది. జూన్‌లో కొన్నా అంతే. సెప్టెంబరు 1 పొద్దున కొత్తది తీసుకోవడం మర్చిపోతే మీ అల్మరాలోని తుపాకీ ఆ క్షణం నుంచి నేరం. ఇన్సూరెన్స్ రెన్యువల్ లాగా గ్రేస్ పీరియడ్ ఏమీ లేదు. పైగా ఈ మినహాయింపు లైసెన్స్ ఎవరి పేరున ఉందో వాళ్లకే. మీకు ఉంటే మీ ఆవిడకు వర్తించదు. మీరు ఇండియా ట్రిప్‌లో ఉండగా ఆ తుపాకీ ఇంట్లో ఎవరి దగ్గర ఉన్నట్టు? ఇది కోర్టులో తేలాల్సిన ప్రశ్న, ఆ ప్రశ్న పుట్టకుండా చూసుకోవడమే మంచిది.

అంతకన్నా ముఖ్యమైనది లేఆఫ్. దీని గురించి ఎవరూ చెప్పరు, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. ఉద్యోగం పోతే హెచ్-1బి వాళ్లకు మహా అయితే 60 రోజుల గడువు ఉంటుంది, ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) గడువు అంతకంటే ముందే అయిపోతే అప్పటివరకే. ఆ లోపు కొత్త పిటిషన్ పడకుండా గడువు దాటి ఉండిపోతే మీరు జాబితాలో ఇంకో గడిలోకి వెళ్లిపోతారు. అది ‘చట్టవిరుద్ధంగా దేశంలో ఉన్నవాళ్లు’ అనే గడి. హంటింగ్ లైసెన్స్ మినహాయింపు ఆ గడికి వర్తించదు. అంటే నిన్నటిదాకా చట్టబద్ధంగా ఉన్న రైఫిల్, మీరు దాన్ని తాకకపోయినా, ఉద్యోగం టెన్షన్‌లో అసలు గుర్తే లేకపోయినా, ఫెడరల్ నేరానికి ఆధారం అవుతుంది. లేఆఫ్ అయినవాడి తలలో ముందు మెదిలేది వీసా, అద్దె, పిల్లల స్కూలు. అల్మరాలోని తుపాకీని ఎవరికి, ఏ పద్ధతిలో అప్పగించాలన్న ఆలోచన రాదు.

ఇలాంటిదే ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హమీద్ రెహైఫ్ అనే యూఏఈ కుర్రాడు ఫ్లోరిడాలో ఎఫ్-1 మీద చదువుకునేవాడు. మార్కులు రాక యూనివర్సిటీ తీసేసింది, స్టేటస్ పోయింది. తర్వాత ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్లి తుపాకీ కాల్చాడు. అంతే, కేసు పెట్టారు. 2019లో సుప్రీంకోర్టు, అతనికి తన స్టేటస్ పోయిందన్న సంగతి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలని చెప్పింది. ఆ తీర్పు నిందితులకు కొంత ఊరటే. కానీ హెచ్-1బి మీద పనిచేస్తున్న ఇంజినీరుకు తన వీసా ఏమిటో తెలియదని ఏ జ్యూరీ నమ్ముతుంది? చట్టం తెలియదు అనే వాదన కూడా నిలబడదు.

ఇక ఆ అల్యూమినియం ముక్క గురించి. అమెరికా చట్టంలో రైఫిల్ మొత్తానికీ ‘తుపాకీ’గా లెక్కకు వచ్చే భాగం రిసీవర్, అంటే ట్రిగ్గర్ లాంటి భాగాలు కూర్చునే నడిమి చట్రం. మీ కొలీగ్ ‘లోయర్’ అన్నది దీన్నే. సీరియల్ నంబరు ఉండేది దాని మీదే. బ్యారెల్, స్టాక్, ట్రిగ్గర్ లాంటివి విడిగా చాలా రాష్ట్రాల్లో మామూలు సరుకులా ఆర్డర్ చేసుకోవచ్చు. అందుకే రిసీవర్‌ను పూర్తి చేయకుండా, కొంత పని మిగిల్చి అమ్మడం మొదలుపెట్టారు. పూర్తి కాలేదు కాబట్టి రిసీవర్ కాదు, రిసీవర్ కాదు కాబట్టి తుపాకీ కాదు అనేది అమ్మేవాళ్ల వాదన. 80 శాతం అన్న లెక్క చట్టంలో ఎక్కడా లేదు. అది వ్యాపారులు పెట్టిన పేరు.

ఈ సరుకు పెరిగిపోయింది. నేరాలు జరిగిన చోట దొరికిన నంబరు లేని తుపాకులను ఆచూకీ కోసం పోలీసులు ఏటీఎఫ్‌కు (తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ) పంపిస్తారు. 2017లో అలా పంపినవి సుమారు 1,600 ఉంటే, 2021 నాటికి 19,000 దాటాయి. దాంతో ఏటీఎఫ్ కొత్త రూల్ తెచ్చింది, 2022 ఆగస్టు 24 నుంచి అమల్లోకి వచ్చింది. సులువుగా పూర్తి చేయగలిగే స్థితిలో ఉన్న రిసీవర్‌ను, తుపాకీగా మార్చడానికి వీలైన కిట్‌ను కూడా తుపాకీగానే చూడాలి, అమ్మేవాడికి లైసెన్స్ ఉండాలి, నంబరు ఉండాలి, కొనేవాడికి బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉండాలి అని దాని సారాంశం. దాన్ని సవాలు చేసిన కేసు మీ పక్కనే, ఫోర్ట్‌వర్త్ ఫెడరల్ కోర్టులో మొదలైంది. అక్కడ రూల్ కొట్టేశారు. చివరికి 2025 మార్చి 26న సుప్రీంకోర్టు 7-2తో ఆ రూల్‌ను నిలబెట్టింది. తీర్పు రాసింది జస్టిస్ గోర్సచ్. ఒక కంపెనీ అమ్మిన పిస్తోలు కిట్‌ను, దాన్ని ముందెప్పుడూ చూడని మనిషి మామూలు పనిముట్లతో 21 నిమిషాల్లో తుపాకీగా మార్చాడని ఆ తీర్పులో ఉంది.

ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. కోర్టు సగం తయారైన ప్రతి ముక్కా తుపాకీయే అని చెప్పలేదు. రూల్ మొత్తంగా చెల్లదన్న వాదనను మాత్రమే తోసిపుచ్చింది. ఏ ముక్క గీతకు ఇటువైపు, ఏది అటువైపు అన్నది దాని తీరు మీద ఆధారపడుతుంది. ఎంత టైమ్ పడుతుంది, ఎంత నైపుణ్యం కావాలి, ఏ పనిముట్లు కావాలి, దానితో పాటు జిగ్ (డ్రిల్లును సరైన చోట నడిపించే బిగింపు), టెంప్లేట్, సూచనల కాగితం ఇచ్చారా అన్నవన్నీ ఏటీఎఫ్ చూస్తుంది. ఉత్త ముక్క గీతకు అవతల ఉండవచ్చు, అదే ముక్క జిగ్‌తో కలిపి ఒక డబ్బాలో వస్తే ఇవతలికి రావచ్చు. మీ కొలీగ్ మీకు ఇచ్చింది ఏమిటో, దానితో ఇంకేం ఇచ్చాడో మీ ఉత్తరంలో లేదు. తన మెషిన్ వాడుకోమనడం కూడా ఈ లెక్కలో చిన్న విషయం కాదు. ప్రభుత్వాలు మారినప్పుడు ఈ రూల్స్ కూడా మారుతుంటాయి కాబట్టి, రెండేళ్ల కిందటి యూట్యూబ్ వీడియో చూసి ఇది లీగల్ అని నమ్మకండి.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, షాపులో కొంటే ఫారం ఉంటుంది. ఆ ఫారంలో మీరు నాన్‌ఇమిగ్రెంటా, మినహాయింపు ఉందా అని సూటిగా అడుగుతారు. ఇంట్లో చేసుకుంటే ఆ ప్రశ్న ఎవరూ అడగరు. అడగలేదు కాబట్టి అభ్యంతరం లేదనుకుంటారు. నిజానికి ఆ ఫారం మిమ్మల్ని తప్పు చేయకుండా ఆపే చివరి గేటు. ఇంట్లో తయారు చేసుకునేటప్పుడు ఆ గేటే ఉండదు. రిసీవర్‌లో మిగిలిన పని పూర్తయిన నిమిషంలో మీ చేతిలో ఉన్నది చట్టం దృష్టిలో తుపాకీ, మీరు నిషేధం ఉన్న మనిషి. మధ్యలో హెచ్చరించేవాళ్లు ఎవరూ ఉండరు.

మీ కొలీగ్‌కు కూడా ఒక మాట చెప్పండి, ఆయన మేలు కోరి. నిషేధం ఉన్నవాళ్లని తెలిసి, లేదా తెలిసే అవకాశం ఉండి, తుపాకీ చేతికివ్వడం ఇచ్చినవాడికి విడిగా నేరం. దానికి కూడా 15 ఏళ్ల దాకా శిక్ష ఉంది. మీరు హెచ్-1బి అని ఆఫీసులో ఆయనకు తెలియకుండా ఉండదు. ఇక ఆయన వర్క్‌షాపులో జనం వచ్చి మెషిన్ మీద రిసీవర్లు పూర్తి చేసుకుని పోతుంటే, అది సొంత వాడకం అన్న గొడుగు కిందికి రాదు. మెషిన్ మనది, బటన్ నొక్కింది వాళ్లు అన్న వాదనను ఏటీఎఫ్ 2015లోనే ఒక రూలింగ్‌లో ఒప్పుకోలేదు. అలా వ్యాపారంగా చేసేవాడికి తయారీ లైసెన్స్ ఉండాలంది. స్నేహం కొద్దీ ఒకసారి చేసినదానికీ వ్యాపారానికీ తేడా ఉంది, కానీ ఆ తేడాను తేల్చేది ఆయన కాదు.

గ్రీన్ కార్డు లేదా సిటిజన్‌షిప్ ఉన్న మిగతా పాఠకుల కోసం కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే ఈ హాబీ మనవాళ్లలో మెల్లగా పెరుగుతోంది. మీకు తయారు చేసుకునే హక్కు ఉంది, కానీ అమ్మే ఉద్దేశంతో తయారు చేయకూడదు. ఒకటి చేసి, వాడుకుని, ఎప్పుడో వదిలించుకోవడం వేరు. స్నేహితుల కోసం వరసగా చేసిపెట్టడం లైసెన్స్ లేని తయారీ అవుతుంది. రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాల కన్నా తగ్గినా, మొత్తం పొడవు 26 అంగుళాల కన్నా తగ్గినా అది 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కిందికి వస్తుంది. తయారు చేయకముందే దరఖాస్తు పెట్టి అనుమతి తీసుకోవాలి, చేశాక పెట్టుకుంటే కుదరదు. అర అంగుళం తేడా పదేళ్ల జైలు దాకా తీసుకెళ్లగలదు. విదేశీ భాగాలు ఎక్కువగా వాడి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కూర్చడం మీద కూడా పరిమితి ఉంది, దిగుమతి భాగాలు ఏమిటో లెక్క పెట్టుకోవాలి. ఇక ఒక్కసారి ట్రిగ్గర్ నొక్కితే ఒకటికన్నా ఎక్కువ తూటాలు పేలేది మెషిన్‌గన్. 1986 మే 19 తర్వాత తయారైన మెషిన్‌గన్‌ను మామూలు పౌరుడు ఉంచుకోవడం నిషిద్ధం. ఇంట్లో చేసిన రిసీవర్‌లో ట్రిగ్గర్ భాగాలు సరిగ్గా కూర్చోకపోతే రైఫిల్ ఒక్క నొక్కుకు రెండు పేల్చడం జరుగుతుంది. అది లోపమే, కావాలని చేసింది కాదు. కానీ రేంజ్‌లో పక్కవాళ్లు విన్నది రెండు చప్పుళ్లు. అది లోపమేనని వివరించుకోవాల్సిన అవస్థ మీకు వస్తుంది.

రాష్ట్రం మారితే చట్టం మారుతుంది, ఇది మనవాళ్లకు మరీ ముఖ్యం. ప్రాజెక్టు మారితే డాలస్ నుంచి ఎడిసన్‌కో, బే ఏరియాకో, సియాటిల్‌కో ట్రక్కు కట్టేస్తాం. న్యూజెర్సీలో 2018 నుంచి, నంబరు లేని తుపాకీ చేసుకోవడానికి భాగాలు కొనడమే నేరం. న్యూయార్క్‌లో నంబరు లేని సగం తయారైన రిసీవర్ ఉంచుకోవడమే నిషిద్ధం. ఆ చట్టానికి ఫ్లోరిడాలోని పార్క్‌ల్యాండ్ స్కూల్ కాల్పుల్లో పిల్లల్ని కాపాడుతూ చనిపోయిన టీచర్ స్కాట్ బీగల్ పేరు పెట్టారు. కాలిఫోర్నియాలో తయారు చేయకముందే రాష్ట్ర న్యాయశాఖకు దరఖాస్తు పెట్టి నంబరు తీసుకోవాలి. వాషింగ్టన్, ఇల్లినాయ్, కనెక్టికట్, మేరీల్యాండ్, కొలరాడో లాంటి చోట్లా నంబరు లేని తుపాకుల మీద చట్టాలు వచ్చాయి. టెక్సస్‌లో చట్టబద్ధంగా చేసిన రైఫిల్‌ను సామాన్లలో పెట్టి న్యూజెర్సీకి తీసుకెళ్తే, అక్కడ దిగిన గంటలో మీరు నేరస్థులు కావచ్చు.

డబ్బు ఆదా అవుతుందనుకుంటే అది కూడా సరిగ్గా లెక్క వేసుకోండి. ముక్క చవక. దానికి కావలసిన జిగ్, పనిముట్లు, మిగతా భాగాలు అన్నీ కలిపితే షాపులో నంబరుతో, వారంటీతో వచ్చే మామూలు రైఫిల్ ధరకు దగ్గరగా లేదా పైకి పోతుంది. మొదటి ముక్క పాడు చేయనివాళ్లు తక్కువ. మీరు ఇంజినీరు కాబట్టి టాలరెన్స్ అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. చెంపకు ఆనించి పట్టుకునే వస్తువులో బెత్తెడు దూరంలో వేల పీఎస్ఐ ఒత్తిడి పుడుతుంది. ఫ్యాక్టరీలో దాన్ని ఒకరు చేస్తారు, ఇంకొకరు కొలుస్తారు, ప్రూఫ్ టెస్ట్ చేస్తారు. గరాజ్‌లో ఆ రెండో మనిషి ఉండడు.

నంబరు లేకపోతే ఇంకో చిక్కు ఉంది. మీ భయమే దొంగతనం గురించి కదా, బంగారంతో పాటు ఆ రైఫిల్ కూడా పోతే? పోలీసులకు కంప్లయింట్‌లో ఏ నంబరు రాస్తారు? అది మీదేనని ఎలా నిరూపిస్తారు, లేదా మీ చేతి నుంచి పోయాకే దానితో నేరం జరిగిందని ఎలా చూపిస్తారు? అందుకే చట్టం అడగకపోయినా చాలామంది జాగ్రత్తపరులు సొంతంగా నంబరు చెక్కించుకుని, ఫొటోలు, తేదీలు రాసి పెట్టుకుంటారు. రిపేరుకు లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ దగ్గర వదిలి వస్తే, 2022 రూల్ ప్రకారం ఏడు రోజుల్లోగా, లేదా మీకు తిరిగిచ్చేలోగా, ఆయన దాని మీద నంబరు వేసి రిజిస్టర్‌లో రాసుకోవాలి. ఇది తెలియక కౌంటర్ దగ్గర గొడవపడేవాళ్లు ఉన్నారు.

ఇండియాకు తీసుకురావడం గురించి. ఆ ఆలోచన పూర్తిగా మానుకోండి. మన ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తుపాకీ ఉంచుకోవడానికి లైసెన్స్ కావాలి, తయారు చేయడానికి వేరే లైసెన్స్ కావాలి, దేశంలోకి తేవడానికి కూడా కావాలి. ఆ చట్టంలో తుపాకీ అంటే దాని భాగాలు కూడా. 2019 సవరణతో లైసెన్స్ లేకుండా తయారు చేసినవాళ్లకు కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం దాకా శిక్ష పెట్టారు. లైసెన్స్ ఉన్నవాళ్లు కూడా రెండుకు మించి తుపాకులు ఉంచుకోకూడదని అదే సవరణ చెప్పింది. మీ ఊళ్లో ఎవరో పెద్దాయన ఇంట్లో గోడకు తగిలించిన పాత డబుల్ బ్యారెల్ చూసి పోల్చుకోకండి. ఆయన దాన్ని ఎన్నికలప్పుడల్లా పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకుంటాడు. ఇటువైపు అమెరికా నుంచి రైఫిల్ గానీ, దాని రిసీవర్, బ్యారెల్ లాంటి భాగాలు గానీ బయటికి పంపడానికి ఎగుమతి నిబంధనలు ఉన్నాయి. షిప్పింగ్ కంటైనర్‌లో ఇంటి సామాన్ల మధ్య పెట్టేస్తే రెండు దేశాల్లోనూ కేసే.

ఒక చిన్న హెచ్చరిక కూడా. రేంజ్‌కి వెళ్లిన బ్యాగునే ఇండియా ప్రయాణానికి సర్దుకుని, అడుగున జేబులో మర్చిపోయిన ఒక్క తూటాతో ఎయిర్‌పోర్టులో పట్టుబడినవాళ్లు ఉన్నారు. తెలిసి ఉంచుకోలేదని రుజువైతే కోర్టులు కేసు కొట్టేస్తాయి, నిజమే. కానీ అప్పటికి విమానం పోతుంది, పాస్‌పోర్టు చుట్టూ తిరగడం మిగులుతుంది. బ్యాగులు వేరు చేసుకోండి.

మీ ఆవిడ భయం గురించి రాయకుండా ఉండలేను, ఎందుకంటే మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బరువుగా అనిపించింది అదే. బంగారం కోసం వచ్చే దొంగలు మనవాళ్ల ఇళ్లను ఎంచుకోవడానికి కారణం అక్కడ బంగారం ఉంటుందని తెలియడం. ఇల్లు ఖాళీగా ఉన్న సమయం చూసి వస్తారు. పెళ్లికో, టెంపుల్‌కో, ఆఫీసుకో మీరు వెళ్లినప్పుడు. అప్పుడు అల్మరాలో రైఫిల్ ఉన్నా దాన్ని వాడే మనిషి ఇంట్లో ఉండడు, దొంగకు ఇంకో విలువైన వస్తువు దొరుకుతుంది. నగలు బ్యాంక్ లాకర్‌లో పెట్టండి. దొరకకపోతే విడిగా సేఫ్ డిపాజిట్ వాల్ట్ నడిపేవాళ్లు ఉంటారు, వాకబు చేయండి. హోమ్ ఇన్సూరెన్స్ పాలసీ తీసి నగల మీద పరిమితి ఎంతో చూడండి. చాలా పాలసీల్లో అది చాలా తక్కువ ఉంటుంది, నగలకు విడిగా కవర్ తీసుకోవాలి. ప్రతి నగకూ ఫొటో, బిల్లు, బరువు రాసి ఉంచండి. పెరటి తలుపుకు, గరాజ్ నుంచి ఇంట్లోకి వచ్చే తలుపుకు గట్టి గడియలు, సెన్సర్లు పెట్టించండి. ఫంక్షన్లకు వేసుకున్న హారాల ఫొటోలు అదే రోజు పోస్ట్ చేయడం ఆపమని ఇంట్లో అందరికీ చెప్పండి. మీ కమ్యూనిటీలో ఎలా జరిగిందో ఫ్రిస్కో పోలీసులను అడగండి, వాళ్లు వచ్చి మాట్లాడతారు.

గ్రీన్ కార్డు వచ్చాక కూడా మీకు ఈ ఆసక్తి ఉంటే, అప్పుడు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఆవిడ ఒప్పుకోకపోతే ఆ మాటకు విలువ ఇవ్వండి. పిల్లలున్న ఇంట్లో తాళం వేసిన సేఫ్ లేకుండా తుపాకీ ఉండకూడదు. టెక్సస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి అందేలా, పేల్చడానికి సిద్ధంగా ఉన్న తుపాకీని వదిలేయడం విడిగా నేరం.

ఇక ఇప్పుడు చేయాల్సింది. ఆ ముక్కకు డ్రిల్లు పెట్టకండి, గుర్తులు కూడా గీయకండి, దానికి సంబంధించిన భాగాలేవీ ఆర్డర్ చేయకండి. దాన్ని కొరియర్ చేయకండి, వేరే స్నేహితుడికి ఇవ్వకండి. తుపాకీ చట్టం, ఇమిగ్రేషన్ రెండూ తెలిసిన లాయర్‌తో ఒక గంట మాట్లాడండి. మీ హెచ్-1బి వేసిన కంపెనీ లాయర్ కాకుండా మీరు సొంతంగా పెట్టుకున్న లాయర్ అయితే మంచిది, ఎందుకంటే ఆ లాయర్ మీ ఒక్కరి తరఫునే పనిచేస్తారు. ఆ ముక్క ఏ రకం, దానితో ఏం వచ్చింది అన్నది ఫొటో తీసి ఆ లాయర్‌కే చూపించండి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. తిరిగి ఇచ్చేయమంటే, వాళ్లు చెప్పిన పద్ధతిలో మీ కొలీగ్‌కు ఇచ్చేయండి. ఎందుకని ఆయన అడిగితే నా వీసా ఒప్పుకోదని చెప్పండి, అర్థం చేసుకుంటాడు. ఈ లోపు రేంజ్‌కి పిలిచినా వెళ్లకండి.